హాలోవీన్ దయ్యాల పండగేనా? అత్తగారితో కలిసి ఇంట్లో ఎలా చేసుకోవాలి?

ప్రశ్న: మేము ఐర్లాండ్‌లో మీథ్ కౌంటీలోని నవన్‌లో ఉంటున్నాం. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదేళ్లు. హాలోవీన్ సెల్టిక్ పండగనీ, మా చుట్టుపక్కలే పుట్టిందనీ బళ్లో చెప్పారట. పాప దాని మీద ప్రాజెక్టు రాయాలి. ఈ ఏడాది మా అత్తగారు కరీంనగర్ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మామగారు పోయి రెండేళ్లయింది. "దయ్యాల పండగ మనకెందుకు? గుమ్మం ముందు పుర్రెలు పెట్టుకుంటారా ఎవరైనా?" అంటున్నారు ఆవిడ. పిల్లలేమో వేషాలు, గుమ్మడికాయలు అని ఒకటే గోల. ఈ పండగ అసలు సంగతేమిటి? ఆవిడ కూడా మాతో కూర్చునేలా ఇంట్లో ఎలా చేసుకోవచ్చు? అత్తగారు గుడ్డు కూడా తినరు. (నవన్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ అత్తగారికి నచ్చనివి ప్లాస్టిక్ పుర్రెలు, నెత్తుటి మరకల గుడ్డలు. అవన్నీ తీసేయండి, పండగకు లోటేమీ రాదు. ఐర్లాండ్ పల్లెటూరి ఇళ్లలో తాతముత్తాతల నాడు జరిగిన హాలోవీన్‌లో అవి లేనే లేవు. ఉన్నవల్లా బంగాళాదుంపలు, కేల్ ఆకు, వెన్న, యాపిళ్లు, హేజెల్‌నట్లు, ఎండుద్రాక్ష రొట్టె, పొయ్యి చుట్టూ పిల్లల ఆటలు, పోయినవాళ్ల కోసం గడియ వేయకుండా వదిలిన తలుపు. దుకాణాల్లో దొరికే హాలోవీన్‌ను పక్కనపెట్టి, ఆ పాత ఇంటి పండగనే చేసుకోండి. అందులో మీ అత్తగారికి చోటుంది, ఐదేళ్ల బాబుకీ చోటుంది.

ముందు పాప ప్రాజెక్టుకు పనికొచ్చే సంగతులు. హాలోవీన్ వెనకున్న పాత పండగ పేరు సౌవిన్. ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి చాలామంది 'సంహైన్' అని చదువుతారు, పాపకి సరైన పలుకు ముందే నేర్పండి. ఐర్లాండ్, స్కాట్లాండ్, ఐల్ ఆఫ్ మ్యాన్‌లలోని గేలిక్ జనం (సెల్టుల్లో ఒక శాఖ) ఏడాదిని నాలుగు పండగలతో పంచుకున్నారు: ఫిబ్రవరి 1న ఇంబోల్క్, మే 1న బెల్టనె, ఆగస్టు 1న లూనసా, నవంబర్ 1న సౌవిన్. వాళ్లకు రోజు చీకటి పడటంతో మొదలవుతుంది, మనకు సూర్యోదయంతో మొదలైనట్టు. అందుకే నవంబర్ 1 పండగ అక్టోబర్ 31 సాయంత్రమే వస్తుంది.

మూలంలో ఇది పశువులు కాసేవాళ్ల పండగ, పంట ఇంటికి చేరినవాళ్ల పండగ. మే నెలలో కొండ మేతకు తోలిన మందలు సౌవిన్ నాటికి ఊరికి తిరిగొచ్చేవి. చలికాలమంతా మేపగలిగినన్ని పశువులనే ఉంచుకుని, మిగతావాటిని కోసి మాంసానికి ఉప్పు పట్టించి దాచుకునేవారు. ఆ వారంలో ప్రతి ఇంట్లోనూ తిండి పుష్కలం, విందు అందుకే. తర్వాతి కాలంలో భూమి కౌలు చెల్లించే గడువులు, జీతగాళ్ల ఒప్పందాలు కూడా మే 1, నవంబర్ 1 తేదీల చుట్టూనే తిరిగాయి.

మరి దయ్యాల మాట? పాత ఐరిష్ కథల్లో సౌవిన్ రాత్రి 'షీ' అనే మట్టిదిబ్బలు తెరుచుకుంటాయి. వాటి కింద ఉండే జనం బయటికొస్తారు, మనుషులు అటు వెళ్లి చిక్కుకుపోతారు. ఇక్కడ ఒక సంగతి మీ అత్తగారికి చెప్పదగ్గది: ఆ దిబ్బల కిందివాళ్లు చచ్చినవాళ్ల దయ్యాలు కారు. మరో లోకపు జనం. అందగాళ్లు, బలవంతులు, కోపమొస్తే పాలు విరగ్గొట్టేవాళ్లు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు. అందుకే వాళ్లకు కోపం తెప్పించకుండా గుమ్మం దగ్గర ఒక గిన్నెలో తిండి పెట్టేవారు. చనిపోయినవాళ్లను తలుచుకోవడం ఎక్కువగా చర్చి పండగ వైపు నుంచి వచ్చి కలిసింది. దాని గురించి కింద చెబుతాం.

పాప ఎక్కడ జాగ్రత్తగా రాయాలంటే, "రెండు వేల ఏళ్ల కిందట డ్రూయిడ్లు..." అని మొదలయ్యే వాక్యాల దగ్గర. డ్రూయిడ్లంటే సెల్టుల పూజారులు. క్రైస్తవానికి ముందటి ఐర్లాండ్‌వాళ్లు ఈ పండగ గురించి ఏమీ రాసిపెట్టలేదు. మనకున్న కథలు సుమారు 9, 10 శతాబ్దాల నుంచి క్రైస్తవ సన్యాసులు రాసినవి. వీరుడు కుహులన్ జబ్బుపడిన కథలో, సౌవిన్‌కు ముందు మూడు రోజులు, ఆ రోజు, తర్వాత మూడు రోజులు ఆటలు, సంతలు, విందులు జరిగేవని ఉంది. ఆ జాబితాలో భయపెట్టేది ఏదీ లేదు. ఫ్రాన్స్‌లో 1897లో దొరికిన, పాత సెల్టిక్ భాషలో ఉన్న కొలిన్యీ కంచు పంచాంగంలో 'సమోన్' అనే నెల ఉంది. పేరు దగ్గరగా ఉందని రెండూ ఒకటేనంటారు కొందరు, కానీ అది శీతాకాలపు నెలో వేసవి నెలో అన్నదానిపైనే పండితులకు ఏకాభిప్రాయం లేదు.

మీ ఇంటి నుంచి 20 కిలోమీటర్ల లోపే అథ్‌బోయ్ పక్కన హిల్ ఆఫ్ వార్డ్ ఉంది. పాత పేరు ట్లాక్ట్‌గా. బళ్లో చెప్పింది దీని గురించే. సౌవిన్ రాత్రి దేశమంతా పొయ్యిలు ఆర్పేసి, ఈ గుట్ట మీద డ్రూయిడ్లు రగిల్చిన మంట నుంచే మళ్లీ నిప్పు తెచ్చుకునేవారన్న వర్ణన జెఫ్రీ కీటింగ్ అనే మతగురువు 1634 ప్రాంతంలో పూర్తిచేసిన ఐర్లాండ్ చరిత్రలోది. అంటే ఆయన చెబుతున్న కాలానికీ ఆయనకూ మధ్య వెయ్యేళ్ల పైన ఎడం. గుట్ట మాత్రం నిజంగానే పురాతనం. నాలుగు వరుసల కట్టలు, కందకాలతో ఉన్న ఆ వలయాల్లో 2014లో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ వాళ్లు తవ్వకాలు మొదలుపెట్టారు. తొలి దశ కంచు యుగం చివరినాటిదని తేలింది. "జనం ఇక్కడ చాలా ప్రాచీన కాలం నుంచి గుమిగూడారు, మంట కథ 17వ శతాబ్దపు రచనలోది" అని పాప రెండు ముక్కలుగా రాస్తే ప్రాజెక్టు గట్టిగా ఉంటుంది.

తారా గుట్ట మీకు ఇంకా దగ్గర. అక్కడి 'మౌండ్ ఆఫ్ ది హోస్టేజెస్' దిబ్బ క్రీ.పూ. 3000 ప్రాంతపు సమాధి. నవంబర్ మొదట్లోనూ ఫిబ్రవరి మొదట్లోనూ పొద్దుటి ఎండ దాని సన్నని దారిలోకి నేరుగా పడుతుంది. సెల్టిక్ భాషలు ఐర్లాండ్‌కు చేరకముందే కట్టిన కట్టడం అది. పిల్లల్నీ అత్తగారినీ నవంబర్ మొదటి వారంలో ఒక పొద్దున తీసుకెళ్లండి. దిబ్బ గేటు తాళం వేసి ఉంటుంది, బయటినుంచే చూడాలి. గడ్డి తడిగా, గాలి విపరీతంగా ఉంటుంది. ఆవిడకు చెప్పులు కాకుండా బూట్లు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి.

ఇంటర్నెట్‌లో తిరిగే మూడు మాటల్ని ప్రాజెక్టులోకి రానివ్వకండి. 'సౌవిన్ మృత్యుదేవత పేరు' అన్నది ఒకటి. అలాంటి దేవుడు లేడు. 18వ శతాబ్దంలో చార్లెస్ వాలన్సీ అనే సైనికాధికారి ఊహించి రాసినదాన్ని తర్వాతివాళ్లు ఎత్తి రాసుకుంటూ వచ్చారు. రెండోది, యాపిల్ ఆటలు రోమన్ దేవత పొమోనా పండగ నుంచి వచ్చాయన్నది. ఆమెకు ఆ రోజుల్లో అలాంటి పండగ ఉండేదనడానికి ఆధారం లేదు. మూడోది, ముఖం చెక్కిన దీపాలు సెల్టుల కాలానివన్నది. ముల్లంగి జాతి దుంపల్లో దీపం పెట్టడం గురించి దొరికే రాతలు చాలావరకు 19వ శతాబ్దానివి. 'సెల్టిక్ ఉగాది' అన్న మాటను కూడా తేల్చి రాయకుండా, చలికాలం మొదలయ్యే రోజు అని రాస్తే చాలు.

ఇక చర్చి సంగతి. పునీతులందరి పండగ మొదట్లో రోమ్‌లో మే 13న జరిగేది. 8వ శతాబ్దంలో పోప్ మూడో గ్రెగొరీ రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో పునీతులందరికీ ఒక ప్రార్థనా మందిరం అంకితం చేశారు. 835 నాటికి పోప్ నాలుగో గ్రెగొరీ కాలంలో నవంబర్ 1 తేదీ ఫ్రాంకుల రాజ్యమంతటా (నేటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతం) స్థిరపడింది. 'సౌవిన్‌ను మింగేయడానికే చర్చి ఆ తేదీ పెట్టింది' అని అందరూ అంటారు కానీ, అప్పటి ఐర్లాండ్ చర్చి ఈ పండగను ఏప్రిల్ 20న చేసేది. అంటే నవంబర్ తేదీ ఐర్లాండ్ నుంచి పుట్టి ఉండకపోవచ్చు. తర్వాత ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఒడిలో పూనికతో నవంబర్ 2న మృతుల స్మరణ మొదలై, మెల్లగా పశ్చిమ ఐరోపా అంతా పాకింది. పునీతుల పండగకు ముందు సాయంత్రమే హాలోవీన్. పంట పండగ, పునీతులు, పితరుల స్మరణ వరుసగా మూడు రోజుల్లో ఇరుక్కోవడంతో ఇళ్లలో అన్నీ కలిసిపోయాయి.

1845-52 బంగాళాదుంప కరువులో లక్షలాదిమంది ఐరిష్‌వాళ్లు అమెరికా వెళ్లారు. దీపం చెక్కడానికి టర్నిప్ దుంప బదులు మెత్తగా, పెద్దగా ఉండే గుమ్మడికాయ అక్కడ దొరికింది. మిఠాయిల కోసం పిల్లలు ఇళ్ల ముందు వేసే 'ట్రిక్ ఆర్ ట్రీట్' అన్న కేక 1920ల నాటి కెనడా పత్రికల్లో కనిపిస్తుంది. పుర్రెలు, రక్తం, గుమ్మం ముందు సమాధిరాళ్లు ఆ తర్వాత వచ్చిన సరుకు.

మీ అత్తగారితో మాట్లాడేటప్పుడు చరిత్రంతా ఏకరువు పెట్టనక్కర్లేదు. ఆవిడది కరీంనగర్ కాబట్టి పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పెద్దలకు బియ్యం ఇచ్చి, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడటం ఆవిడకు కొత్తకాదు. పోయినవాళ్లను తలుచుకున్న రోజే పిల్లలు ఆడి పాడటం ఆవిడ దృష్టిలో అపచారం కాదు. "ఇక్కడివాళ్లకూ పంట చేతికొచ్చాక అలాంటి రోజొకటి ఉంది" అని చెప్పండి, అంతవరకే. రెండూ ఒకే మూలం నుంచి పుట్టాయని మాత్రం అనకండి. అలాంటి సంబంధం ఏదీ లేదు, ఆవిడ కూడా నమ్మరు. అలాగే మామగారి తద్దినాన్ని, తిథిని దీనితో కలపొద్దు. అది ఆవిడ చూసుకునే విషయం. పాత ఐరిష్ ఇళ్లలో మృతుల రాత్రి పొయ్యి ఆర్పకుండా, దాని పక్కన ఒక కుర్చీ ఖాళీగా వేసి, తలుపు గడియ తీసి పడుకునేవారు. ఇది పిల్లలకు కథగా చెప్పండి. విన్నాక ఆవిడే మామగారి ఫోటో దగ్గర ఒక దీపం పెడదామంటే పెట్టండి. అనకపోతే ఆ ప్రస్తావన మీరు తేవద్దు.

ఇప్పుడు చేతిపనులు. గుమ్మడికాయ ఎవరైనా చెక్కుతారు, మీరు ఐర్లాండ్‌లో ఉన్నారు కాబట్టి ఈసారి దుంప దీపం చేయండి. ఇక్కడ టర్నిప్ అని అమ్మేది పైన ఊదారంగు, లోపల పసుపు ఉండే స్వీడ్ దుంప. కిలో నుంచి కిలోన్నర బరువు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది, తాజాగా, బరువుగా తగిలేది ఎంచుకోండి. చిన్నదైతే లోపల చెంచా తిరగదు. పాతబడి బెండులా ఉంటే చెక్కుతుండగా చీలుతుంది. అడుగు సమంగా నిలిచేలా పలుచగా కోయండి. పైన నాలుగో వంతు మూతగా కోసి పక్కన పెట్టండి.

తొలవడమే కష్టం. గుమ్మడికాయ సెట్‌తో వచ్చే పలుచటి రంపం ఇక్కడ వంగిపోతుంది. పెద్ద కత్తితో పొడిస్తే జారి చేతికి తగులుతుంది. అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ వదిలి, లోపలి గుజ్జు మీద చిన్న కత్తితో అడ్డంగా నిలువుగా గళ్లు గీయండి. లోతు రెండు సెంటీమీటర్లు చాలు. తర్వాత అంచు గట్టిగా ఉన్న ఇనుప చెంచాతో ఆ గళ్లను పెకలించి తీయండి. మళ్లీ గీయండి, మళ్లీ తీయండి. ఒక దుంపకు ముప్పావుగంట పడుతుంది. ఇంట్లో డ్రిల్ మిషను ఉంటే పెద్దవాళ్లు 20 మిల్లీమీటర్ల చెక్క బిట్‌తో ఏడెనిమిది రంధ్రాలు పెట్టి, మధ్యలోని గోడల్ని చెంచాతో కూల్చేయొచ్చు. దుంప కదలకుండా తడిగుడ్డ మీద పెట్టండి. త్వరగా మెత్తబడుతుందని ఉడకబెట్టకండి, దీపం పెట్టేలోపే కూలిపోతుంది.

గోడ సెంటీమీటర్ కంటే పలుచన చేయకండి. స్వీడ్ ఆరుతూ ముడుచుకుపోతుంది, పలుచటి చోట చీలుతుంది. కళ్లు, నోరు పెన్నుతో గీసుకుని చిన్న మొన కత్తితో తీయండి. కళ్లు మరీ చిన్నవైతే దీపం ఊపిరాడక ఆరిపోతుంది, మూతకు కూడా చిటికెనవేలంత కన్నం పెట్టాలి. లేకపోతే మూత మాడి ఇంట్లో ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది. మీ ఇంట్లో ఐదేళ్ల బాబు ఉన్నాడు కాబట్టి కొవ్వొత్తి మానేసి బ్యాటరీ దీపం పెట్టండి. ముఖం ముడతలు పడి ముసలివాడిలా అవ్వడమే దీని అందం. 30వ తేదీన చెక్కి, రేడియేటర్‌కు దూరంగా బయట చల్లగా ఉంచితే మూడు నాలుగు రోజులు ఉంటుంది, తర్వాత బూజు పడుతుంది, కంపోస్టులో వేసేయండి. తీసిన గుజ్జు పారేయకండి. సన్నగా తరిగి శనగపప్పు, ఎండుమిరప, కరివేపాకు పోపుతో మూత పెట్టి మగ్గిస్తే తియ్యటి కూర అవుతుంది, ఆ రోజు మధ్యాహ్నం అత్తగారికి అదే వడ్డించండి. మేయో కౌంటీలోని టర్లఫ్ పార్క్ జాతీయ మ్యూజియంలో డొనెగల్ నుంచి వచ్చిన పాత దుంప ముఖం అచ్చు ఉంది. దాని ఫోటో చూస్తే పిల్లలకు గుమ్మడికాయ చప్పగా అనిపిస్తుంది.

తర్వాత బార్మ్‌బ్రాక్, అంటే పైన చెప్పిన ఎండుద్రాక్ష రొట్టె. పాతకాలంలో పులిసిన ఈస్ట్‌తో చేసేవారు. ఇంట్లో సులభమైనది టీ బ్రాక్. గుడ్డు లేకుండా 900 గ్రాముల రొట్టె టిన్నుకు కొలతలు ఇవీ: ఎండుద్రాక్ష, సుల్తానా కలిపి 350 గ్రాములు, బ్రౌన్ షుగర్ 120 గ్రాములు, మూడు టీ బ్యాగులతో ఐదు నిమిషాలు నానబెట్టిన పాలు కలపని చిక్కటి టీ 300 మిల్లీలీటర్లు. ఈ మూడూ కలిపి రాత్రంతా మూతపెట్టి ఉంచండి. పొద్దునకి ద్రాక్ష ఉబ్బి టీ చాలావరకు పీల్చుకుంటుంది. అందులో 75 గ్రాముల గడ్డ పెరుగు, 25 గ్రాముల కరిగిన వెన్న వేసి, 250 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ పిండి, ఒకటిన్నర టీస్పూన్ మిక్స్‌డ్ స్పైస్, పావు టీస్పూన్ తినే సోడా జల్లించి కలపండి. పొడిపిండి కనిపించకుండా పోగానే ఆపేయాలి, ఎక్కువ తిప్పితే రొట్టె సాగుతుంది. పెరుగు, సోడా కలిసిన పిండి ఆగదు, వెంటనే ఓవెన్‌లో పెట్టాలి. మామూలు ఓవెన్ అయితే 170 డిగ్రీలు, ఫ్యాన్ అయితే 150, ఒక గంట నుంచి గంటంబావు.

చెడేది సాధారణంగా రెండుచోట్ల. టీ వేడిగా ఉండగానే పిండి కలిపితే పొంగు ముందే పోయి రొట్టె ఇటుకలా వస్తుంది. మంట ఎక్కువైతే పైన మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. 40 నిమిషాలకే రంగు ముదిరితే పైన ఫాయిల్ కప్పండి. పుల్ల గుచ్చి చూసేటప్పుడు ద్రాక్షకు తగిలి తడిగా వస్తే మోసపోతారు, రెండు చోట్ల గుచ్చండి. చల్లారాక కాగితంలో చుట్టి ఉంచితే మర్నాడు ఇంకా రుచి. అందుకని 29 రాత్రి నానబెట్టి 30న కాల్చుకోండి.

బ్రాక్ లోపల వస్తువులు దాచడం దీని అసలు ఆట. ఉంగరం వస్తే ఏడాదిలో పెళ్లి, నాణెం వస్తే డబ్బు, బఠాణీ వస్తే ఆ ఏడు పెళ్లి లేదు, గుడ్డపీలిక వస్తే పేదరికం, పుల్ల వస్తే కాపురంలో గొడవలు. ఇప్పుడు దుకాణాల్లో అమ్మే బ్రాక్‌లో ఉంగరం ఒక్కటే ఉంటుంది. మీరు గుడ్డపీలిక, పుల్ల వదిలేయండి. పెద్దావిడ ముక్కలో అవి వస్తే ఆవిడ మనసుకు పడుతుంది, ఆటకోసం అంత అవసరం లేదు. ఉంగరం, నాణెం సబ్బుతో కడిగి, ఒక్కోదాన్ని అరచేయంత బేకింగ్ కాగితంలో చుట్టి, రొట్టె కాలి చల్లారాక అడుగున గాటుపెట్టి లోపలికి తోయండి. ముందే పిండిలో వేస్తే ఏ ముక్కలో ఉందో తెలియక పంటికి తగులుతుంది. కాగితం పెద్దగా ఉంటే బాబు మింగే ప్రమాదం తగ్గుతుంది, అయినా వాడి ముక్కను మీరే విరిచి చూసి ఇవ్వండి.

రాత్రి భోజనానికి కోల్‌క్యానన్, అంటే కేల్ ఆకు కలిపి మెదిపిన బంగాళాదుంప. ఐదుగురికి కిలో రూస్టర్ బంగాళాదుంపలు, ఈనెలు తీసిన కేల్ ఆకు 250 గ్రాములు, పాలు 150 మిల్లీలీటర్లు, వెన్న 80 గ్రాములు, నాలుగు ఉల్లికాడలు. దుంపలు తొక్కతో ఉడికించి, నీళ్లు వంపి, రెండు నిమిషాలు ఖాళీ గిన్నెలోనే ఆవిరి పోనిచ్చి తొక్క తీసి మెదపండి. మిక్సీలో వేస్తే బంకలా అవుతుంది. ఉల్లికాడలు పాలలో మరిగించి వేడివేడిగానే పోయాలి, చల్లటి పాలు పోస్తే ఉండలు కడుతుంది. ఉడికించి గట్టిగా పిండి తరిగిన కేల్ కలిపి, పళ్లెంలో మధ్యన గుంట చేసి వెన్న వేయండి. అక్టోబర్ 31 కొన్నేళ్లు కార్తీకంలో పడుతుంది, 2024లో అయితే సరిగ్గా దీపావళి రోజే వచ్చింది. ఆవిడ కార్తీకంలో ఉల్లి మానేస్తే ఉల్లికాడలు తీసేయండి, రుచి మరీ తగ్గదు. పాతరోజుల్లో దీన్నే ఒక గిన్నె నిండా గుమ్మం దగ్గర పెట్టేవారు. మీరు పెడితే నక్కలు, పిల్లులు వస్తాయి, కిటికీ లోపలివైపు పెట్టుకోండి.

ఆటల్లో యాపిల్ కొరకడం అందరికీ నచ్చుతుంది. అసలు రూపంలో వేలాడే కర్రకు ఒకవైపు యాపిల్, మరోవైపు వెలిగే కొవ్వొత్తి ఉండేవి. కొవ్వొత్తి వద్దు. యాపిల్ తొడిమకు దారం కడితే మొదటి కొరుకుకే ఊడిపోతుంది. పుల్లతో నడుమ నుంచి కన్నం చేసి, వంటింటి దారం దూర్చి, కింద పెద్ద గుండీ కట్టండి. గుమ్మం పైన వేలాడదీసి బాబు గడ్డం ఎత్తుకు సరిచేయండి, చేతులు వెనక్కి కట్టుకుని కొరకాలి. నీళ్ల తొట్టిలో యాపిల్ పట్టే ఆటలో అందరి ఎంగిలీ కలుస్తుంది. ఇంట్లో జలుబులున్న కాలం కాబట్టి అది మానేసినా ఫరవాలేదు. లేదంటే కుర్చీ మీద మోకాళ్లేసి, పళ్లమధ్య పట్టుకున్న ఫోర్కును తొట్టిలోకి వదిలి గుచ్చమనండి. తొక్క తెగకుండా యాపిల్ చెక్కి భుజం మీంచి వెనక్కి విసిరితే, పడ్డ ఆకారంలో కాబోయే భర్త పేరు మొదటి అక్షరం కనిపిస్తుందంటారు. పాపకి అది చెప్పండి, తెలుగు అక్షరాల్లో అయితే 'ర' లేదా 'ం' తప్ప మరేదీ రావడం కష్టం.

బయటికి వెళ్లేటప్పుడు: గడియారాలు వెనక్కి తిప్పేసి ఉంటారు కాబట్టి సాయంత్రం ఐదుకల్లా చీకటి. ఐదున్నరకి బయల్దేరి ఏడుకి తిరిగొచ్చేయండి. దీపం లేదా అలంకరణ ఉన్న ఇళ్ల తలుపులే కొట్టాలి. ఇక్కడి పాత పిలుపు 'హెల్ప్ ది హాలోవీన్ పార్టీ', అడిగేవి యాపిళ్లు, నట్లు. దుకాణపు వేషాల బట్ట నిప్పుకు ఇట్టే అంటుకుంటుంది, కొవ్వొత్తి ఉన్న మెట్ల దగ్గర పిల్లల్ని ఆపండి. లోపల నూలు బట్టలు వేయండి. వేషం కింద చలికోటు పట్టదు, ఒక సైజు పెద్దది కొనండి. తెచ్చుకున్న మిఠాయిలు ఇంట్లో ఒకసారి వేరుచేయాలి: చాలా జెల్లీల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది, అత్తగారి చేతికి వెళ్లేముందు పొట్లం వెనక చదవండి. మీ గుమ్మానికి వచ్చే పిల్లల కోసం వేరుశనగ లేని పళ్లెం ఒకటి విడిగా పెట్టండి.

దీపావళి దగ్గరపడుతుంటే టపాసుల ఆశ కలుగుతుంది. రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్‌లో లైసెన్సు లేకుండా టపాసులు దగ్గర ఉంచుకోవడమే నేరం, ఉత్తర ఐర్లాండ్ నుంచి కారులో తెచ్చుకున్నా అంతే. దుకాణాల్లో మామూలుగా అమ్మే కాకరపువ్వొత్తులు, పార్టీ పాపర్ల వంటి తక్కువ ప్రమాదం ఉన్నవాటికే అనుమతి. కాలిపోయిన పువ్వొత్తి తీగను బకెట్ నీళ్లలో ముంచండి, కింద పారేస్తే బాబు తొక్కుతాడు. పెరట్లో పాత కలప, చెత్త వేసి మంట పెట్టడం కూడా చట్టవిరుద్ధమే.

ప్రాజెక్టుకు చివరిగా ఒక మంచి దారి. 1937-39 మధ్య ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ సుమారు ఐదు వేల ప్రాథమిక బళ్ల పిల్లలతో ఇంట్లో పెద్దవాళ్లను అడిగించి పాత ఆచారాలు రాయించింది. ఆ నోటుబుక్కులు ఇప్పుడు దూకస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. మీథ్ కౌంటీ ఎంచుకుని, అథ్‌బోయ్, నవన్ చుట్టుపక్కల బళ్లు తెరిచి, హాలోవీన్ అని వెతకమనండి. పాప వయసు పిల్లల చేతిరాతలోనే బ్రాక్, నట్లు, యాపిళ్లు దొరుకుతాయి. అదే పద్ధతిలో పాప మీ అత్తగారిని కూర్చోబెట్టి, చిన్నప్పుడు వాళ్లింట్లో పెత్రమాస ఎలా జరిగేదో నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోవాలి: ఆ రోజు ఏం వండేవారు, ఎవరికి ఇచ్చేవారు, సాయంత్రం ఏ పూలు తెచ్చేవారు, పిల్లలేం చేసేవారు. సౌవిన్ పేజీకి ఎదురుగా ఆ పేజీ పెడితే టీచర్‌కు కొత్త విషయం అందుతుంది. అత్తగారు కూడా 31 సాయంత్రం చూస్తూ కూర్చోకుండా చెప్పే మనిషి అవుతారు.